నవల కోసం హీబ్రూ నేర్చుకుందావిడ

జార్జ్ ఇలియట్ అనగానే ఎవరో మగాయన అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ పేరు వెనక ఉన్నది మేరీ ఆన్ ఇవాన్స్. 1819లో ఇంగ్లండ్‌లోని వార్విక్‌షైర్‌లో పుట్టింది. తండ్రి ఒక జమీందారు ఎస్టేటు వ్యవహారాలు చూసేవాడు. 1836లో తల్లి పోయింది. పదహారేళ్ల పిల్ల బడి వదిలేసి ఇల్లు నెత్తినేసుకుంది. వంటా వార్పూ, పాలూ వెన్నా చూసుకుంటూనే జర్మన్, ఇటాలియన్ నేర్చుకుంది. 1846 నాటికి జర్మన్ నుంచి ఓ పెద్ద మతగ్రంథ విమర్శనే అనువదించేసింది!

ఇంత చదివిన మనిషి కదా, మరి యూదుల గురించి ఏమనుకునేది? ఆ కాలపు ఇంగ్లీషువాళ్లందరూ అనుకున్నట్టే. 1848లో ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరంలో యూదులదంటూ ఉన్నదంతా తక్కువరకమేనన్నట్టు రాసింది. అప్పటి నవలల్లో యూదుడంటే వడ్డీవ్యాపారో, డికెన్స్ రాసిన ఫాగిన్ లాంటి దొంగల గురువో. పార్లమెంటులో యూదుడు కూర్చోవడానికి 1858 దాకా ఆగాల్సొచ్చింది. (మన కథల్లో సాయిబు పాత్ర వస్తే చాలు, అత్తరు వాసనా, నాలుగు ఉర్దూ ముక్కలతో సరిపెట్టేస్తాం చూడండి, అలాగే.)

ఆమె మారింది మాత్రం చదువుతోనూ, మనుషులతోనూ. 1858లో ప్రాగ్ వెళ్లి అక్కడి పాత యూదుల శ్మశానం, సినగాగ్ చూసింది. 1866లో బ్రిటిష్ మ్యూజియం లైబ్రరీలో పనిచేసే ఇమాన్యుయెల్ డాయిచ్ అనే యూదు పండితుడితో పరిచయమైంది. అప్పటికే పేరుమోసిన రచయిత్రి, నలభై ఆరు దాటింది. అయినా ఆయన దగ్గర చిన్నపిల్లలా హీబ్రూ పాఠాలు మొదలుపెట్టింది. యూదుల చరిత్రా, తాల్ముదూ చదివి నోటుబుక్కులు నింపింది. డాయిచ్ కేన్సర్‌తో 1873లో అలెగ్జాండ్రియాలో చనిపోయాడు. ఆ ఏడే ఆమె జర్మనీ వెళ్లి, ఫ్రాంక్‌ఫర్ట్ సినగాగ్‌లో కూర్చుని ప్రార్థన విన్నది.

ఆ చూసిందీ విన్నదీ 1876లో భాగాలుగా వచ్చిన ‘డేనియల్ డెరాండా’లో కనిపిస్తుంది. ఇంగ్లీషు దొరబిడ్డగా పెరిగిన డేనియల్‌కి తాను యూదుల బిడ్డనని తెలియడం కథ. అతనూ ఫ్రాంక్‌ఫర్ట్ సినగాగ్‌కి వెళతాడు. జబ్బుతో చిక్కిపోతున్న పండితుడు మొర్దెకైలో డాయిచ్ పోలికలున్నాయంటారు. నిజం చెప్పాలంటే ఈ మొర్దెకై నాకు పెద్దగా రుచించడు. మనిషి కన్నా ఋషిలా ఉపన్యాసాలిస్తాడు. చెడ్డవాడిగా చూపినా, దేవుణ్ణి చేసినా మనిషి జారిపోతాడనిపిస్తుంది. తాకట్టుకొట్టు కోహెన్ కుటుంబం అలా కాదు. శుక్రవారం సాయంత్రం సబ్బాతు దీపం, తండ్రి పిల్లల తలలమీద చేతులుంచి దీవించడం, వెంటనే వ్యాపారం మాటలు... మన పక్కింట్లోకి తొంగిచూసినట్టే ఉంటుంది.

చాలామంది ఇంగ్లీషు పాఠకులు గ్వెండొలిన్ పెళ్లికథ చదివి, యూదుల భాగం దగ్గర విసుక్కున్నారు. 1948లో కూడా లీవిస్ అనే విమర్శకుడు ఆ భాగం తీసేస్తే బాగుణ్ణన్నాడు. యూదులు మాత్రం తమ ఇళ్లు సరిగ్గా చూపిందని సంతోషించారు. లండన్‌లో రబ్బీ హెర్మన్ ఆడ్లర్ కృతజ్ఞతలు తెలిపాడు. బుడాపెస్ట్‌లో డేవిడ్ కాఫ్‌మన్ అనే పండితుడు మెచ్చుకుంటూ వ్యాసం రాశాడు. హీబ్రూని మళ్లీ ఇంటిభాషగా చేయడానికి నడుం కట్టిన బెన్ యెహుదా మీదా ఈ నవల ప్రభావం ఉంది.

1880 డిసెంబరు 22న ఆమె కన్నుమూసింది. పదమూడేళ్ల తర్వాత, 1893లో, ‘డేనియల్ డెరాండా’ హీబ్రూలో వచ్చింది.