మహబూబ్ అలీ పాషా – మన అడవులలో వేట

ప్రత్యేక సంచికకు మన ప్రాంతంతో సంబంధమున్న ఒక ప్రముఖుని జీవిత విశేషాలు రాయమని సంపాదకవర్గం వారు కోరినప్పుడు నాకు ముందుగా తోచిన పేరు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ గారిది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి – మూడు చోట్లా రెవెన్యూ శాఖలో పనిచేసినవాడిని. పంట కాపలా తుపాకుల లైసెన్సు ఫైళ్ళు చాలాకాలం నా బల్ల మీదుగానే పోయేవి. దరఖాస్తుదారులతో మాట్లాడేటప్పుడు పాతకాలపు వేట కథలు వచ్చేవి. ఆ కథల చివర ఎప్పుడూ మహబూబ్ పాషా పేరే వచ్చేది.

ఆయన 1866 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. తండ్రి అఫ్జలుద్దౌలా 1869 ఫిబ్రవరిలో మరణించారు. అప్పటికి బాబు వయస్సు రెండున్నర ఏళ్ళు. పేరుకు గద్దె ఆయనదే అయినా పాలనాభారం మొదటి సాలార్‌జంగ్, షంషుల్ ఉమ్రాల మీద పడింది. ఉర్దూ, పార్శీలతోపాటు ఇంగ్లీషు కూడా నేర్పించారు. 1883లో సాలార్‌జంగ్ కలరాతో హఠాత్తుగా చనిపోయారు. మరుసటి సంవత్సరం, 1884 ఫిబ్రవరి 5న, వైస్రాయి లార్డ్ రిప్పన్ హైదరాబాదుకు వచ్చి పద్దెనిమిదేళ్ళు కూడా నిండని ఆ యువకునికి పూర్తి అధికారాలు అప్పగించారు.

ఆయన కాలంలోనే రైలు మన దిక్కుకు వచ్చింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదు వరకు వచ్చిన లైను 1886లో వరంగల్లు చేరి, 1889 నాటికి బెజవాడ దాకా పోయింది. జనగామ, నెక్కొండ, మానుకోట ఆ దారిలోనివే. మానుకోటకు మహబూబాబాద్ అనే పేరు ఈ పాషా మీదుగానే వచ్చిందని మన పెద్దలు చెప్పుకొనేవారు. రైలు రావడంతో రాజధాని నుంచి అడవి ఒక రాత్రి ప్రయాణమైంది. కాకతీయ గణపతిదేవుని కాలపు పాకాల చెరువు చుట్టూ ఉన్న అడవి, అక్కడి నుంచి ఏటూరునాగారం, భూపాలపల్లి వైపు గోదావరి దాకా సాగిన అడవి పులులకు, దుప్పులకు, కణుజులకు, మనుబోతులకు నిలయం. జనగామ వైపు మెట్ట నేలల్లో కృష్ణజింకలు తిరిగేవి.

మహబూబ్ పాషాకు గురి ఎక్కువ అని ప్రతీతి. గాలిలోకి ఎగరేసిన నాణేన్ని కొట్టేవారని కథలుగా చెప్పుకొనేవారు. ఆయన వేటకు బయలుదేరితే గుడారాలు, ఏనుగులు, వంటవాళ్ళు, నౌకర్లతో చిన్న పట్నమే కదిలినట్లు ఉండేది. ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ తీసిన ఫోటోలలో ఆ వైభవం కనబడుతుంది. పులి పేరు కోసం, దుప్పి కూర కోసం అన్నట్లుగా సాగేది ఆనాటి వేట. అంతమంది ఉన్న క్యాంపు రోజూ తినాలి గదా.

ఇక్కడ తుపాకుల సంగతి కొంచెం చెప్పాలి. లైసెన్సు ఫైళ్ళు చూసిన అలవాటు పోలేదు. ఆనాడు వేటగాళ్ళకు రెండు రకాల ఆయుధాలు ఉండేవి. ఒకటి దూరం పోయే రైఫిల్, రెండవది నున్నని గొట్టం గల పన్నెండు బోరు తుపాకి. నున్న గొట్టంలో ఛర్రాలు పోసి పేలిస్తే అవి చెదిరిపోయి పిట్టలకు, కుందేళ్ళకు సరిపోతాయి. దుప్పికి అవి చాలవు. ఒళ్ళంతా గాయాలతో అది పొదల్లోకి పోయి రెండు మూడు రోజులు నరకయాతన పడి చస్తుంది. అందుకే తెలిసినవాళ్ళు జింక జాతికి ఒంటిగుండు వాడేవారు. కాని నున్న గొట్టంలోంచి వచ్చిన గుండు తిరగదు. కనుక ఏభై గజాలు దాటితే దారి తప్పుతుంది. ఈ ఇబ్బంది పోగొట్టడానికి 1885 ప్రాంతంలో కర్నల్ ఫాస్బెరీ అనే ఆంగ్లేయ అధికారి గొట్టం చివరి రెండు మూడు అంగుళాలలో మాత్రమే మరలు చెక్కే పద్ధతి కనిపెట్టాడు. లండన్‌లోని హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ దానిని పారడాక్స్ అనే పేరుతో అమ్మింది. ఒకే తుపాకి పిట్టకూ, దుప్పికీ పనికివచ్చేది. మన దేశంలోని వేటగాళ్ళలో దానికి మంచి గిరాకీ ఉండేది. 1898లో జర్మనీలో బ్రెన్నెకే, 1931లో అమెరికాలో ఫాస్టర్ నున్న గొట్టానికే సరిపోయే కొత్త రకం ఒంటిగుండ్లు తయారుచేశారు. ఊళ్ళు, పొలాలు దగ్గరగా ఉన్న చోట రైఫిల్ తూటా చాలా దూరం పోయి మనుషులకు తగిలే ప్రమాదం ఉంది కనుక, అమెరికాలో కొన్ని రాష్ట్రాలు జింకల వేటకు ఇటువంటి గుండ్లనే అనుమతించాయి.

తిరిగి పాషాగారి కథకు వద్దాం. ఆయన వేట సరదా మాత్రమే కాదు, రాజకీయం కూడా. 1893లో ఆస్ట్రియా రాజకుటుంబానికి చెందిన ఫ్రాంజ్ ఫెర్డినాండ్ హైదరాబాదుకు అతిథిగా వచ్చి వేటాడారు. 1914లో ఆయన హత్యతోనే మొదటి ప్రపంచ యుద్ధం రాజుకుంది. అంతకంటే మనకు దగ్గరి సంగతి 1902 నాటిది. ఆ మార్చి చివర వైస్రాయి లార్డ్ కర్జన్ హైదరాబాదుకు వచ్చి బీరారు విషయం మాట్లాడారు. ఏటా 25 లక్షల రూపాయలకు బీరారును శాశ్వతంగా కౌలుకిచ్చే ఒప్పందానికి పాషా తలవంచవలసి వచ్చింది. నవంబరులో కాగితాలు పూర్తయ్యాయి. బీరారు మాటలు ముగిసిన కొద్ది రోజులకే, ఏప్రిల్‌లో, కర్జన్ దంపతులు నెక్కొండ దగ్గర క్యాంపు వేసి పులుల వేట ఆడారు. చచ్చిన పులి ముందర వారు నిలబడిన దీన్‌దయాళ్ ఫోటో నేటికీ పుస్తకాలలో కనబడుతుంది. రాజ్యంలో ఒక పెద్ద భాగాన్ని పోగొట్టుకున్న ప్రభువు, దానిని తీసుకున్నవారికి తన అడవిలో విందు చేయవలసి వచ్చింది.

ఆ ఫోటోలలో కనబడనివారు మరికొందరున్నారు. వేట అంటే డప్పులు, కర్రలతో అడవిని చుట్టుముట్టి జంతువులను మంచెల వైపు తరిమే హాకా. ఆ పని చేసేది చుట్టుపక్కల పల్లెల జనం. మా తాత చిన్నతనంలో ఒక పెద్ద అధికారి వేటకు హాకా పోయాడట. రెండు రోజులు ఎండలో తిరిగితే చేతికి వచ్చింది శూన్యం. అది వెట్టి. తాత పాషాను ఏనాడూ తిట్టలేదు, కాని ఆ రెండు రోజులనూ మరిచిపోలేదు. 1946లో జనగామ తాలూకాలోని కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణమిచ్చిన పోరాటానికి మూలం ఇటువంటి లెక్కలేని వెట్టి చాకిరీలోనే ఉన్నది.

అయినా జనం మహబూబ్ పాషాను ప్రేమించారన్నది నిజం. పాము కరిస్తే ఆయన పేరు తలుచుకొంటే విషం దిగుతుందని పల్లెల్లో నమ్మేవారు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో వేలాదిమంది కొట్టుకుపోయినప్పుడు ఆయన తన మహలు తలుపులు నిరాశ్రయులకు తెరిపించారు. మరుసటి సంవత్సరం విశ్వేశ్వరయ్యగారు వచ్చి వరద నివారణకు పథకం వేశారు. పాషా 1911 ఆగస్టు 29న ఫలక్‌నుమా మహలులో 45వ ఏట కన్నుమూశారు. మక్కా మసీదులో ఆయన సమాధి ఉంది.

ఆయన వేటాడిన అడవులు తర్వాత చట్టం నీడలోకి వచ్చాయి. పాకాల, ఏటూరునాగారం 1950వ దశకం మొదట్లోనే అభయారణ్యాలైనాయి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో వేట లైసెన్సుల కాలం ముగిసింది. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక చుక్కల దుప్పిని మన రాష్ట్ర జంతువుగా ప్రకటించారు. ఒకనాడు నిజాం వంటశాలకు పోయిన జంతువు నేడు రాష్ట్ర చిహ్నాలలో ఒకటి.

2016లో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలైనాయి. మన మనవలు, మనవరాళ్ళు వాటి పేర్లు పరీక్షల కోసం బట్టీ పడుతున్నారు. మహబూబాబాద్ పేరు వచ్చినప్పుడు ఆ పాషా దయనూ, ఆ హాకాలో నడిచినవారి చెమటనూ రెండింటినీ కలిపి చెప్పవలసిన బాధ్యత మన వయస్సు వారిది. ఒకటి చెప్పి ఒకటి దాచితే అది చరిత్ర కాదు. సెలవు.