అనుమతి లేని పన్ను: సామ్యుయెల్ ఆడమ్స్ జీవితము

స్వాతంత్ర్య వీరులనగానే కత్తి పట్టినవారే మనకు జ్ఞప్తికి వత్తురు. కలము పట్టి సామ్రాజ్యము నెదిరించిన ఒక పేదవాని కథ యిది.

సామ్యుయెల్ ఆడమ్స్ 1722లో అమెరికాలోని బోస్టన్ పట్టణమున జన్మించెను. ఆ ప్రాంతము అప్పుడు ఇంగ్లండు రాజునకు లోబడి యుండెను. తండ్రి కలిగినవాడు. నాణెముల కొరతచే ప్రజలు బాధపడుచుండగా, ఆయన కొందరితో కలసి, భూముల తాకట్టుపై కాగితపు ద్రవ్యము నిచ్చు బ్యాంకును స్థాపించెను. 1741లో ఇంగ్లండు పార్లమెంటు దానిని రద్దుచేసెను. నష్టము స్థాపకుల నెత్తిన పడెను. తండ్రి 1748లో గతించినను ఆ పీడ వదలలేదు. 1758లో ఆస్తిని వేలము వేయ వచ్చిన అధికారిని కుమారుడు ఎదిరించి ఆపవలసి వచ్చెను. తామెన్నుకొనని సభ, సముద్రమున కావలినుండి, ఒక సంసారము నెట్లు కూల్చగలదో ఆయన తన యింటనే చూచెను.

ఆయనకు వ్యాపారము అబ్బలేదు. 1756లో పట్టణ ప్రజలు ఆయనను పన్ను వసూలుదారుగా ఎన్నుకొనిరి. లేనివారి గడపలో నిలిచి నిర్బంధించుట ఆయన వలన కాలేదు. కడకు లెక్కలలో సుమారు 8000 పౌండ్లు బాకీ తేలెను. పేదలు ఆయనను ప్రేమించిరి. విరోధులు ఆ బాకీని చూపి చిరకాలము ఎత్తిపొడిచిరి.

1763లో ఫ్రెంచివారితో యుద్ధము ముగియునప్పటికి ఇంగ్లండు అప్పులలో మునిగియుండెను. ఆ భారములో కొంత వలసలపై మోపదలచి 1764లో చక్కెర చట్టమును, 1765లో దస్తావేజులకు, పత్రికలకు సైతము పన్ను విధించు స్టాంపు చట్టమును చేసిరి. పార్లమెంటులో వలసల ప్రతినిధి ఒక్కడును లేడు. తమ ప్రతినిధుల సమ్మతి లేని పన్ను చెల్లించువారు పౌరులు కారు, బానిసలని ఆడమ్స్ వాదించెను. 1766లో స్టాంపు చట్టము రద్దయ్యెను గాని, మరుసటి యేడే గాజు, కాగితము, రంగులు, తేయాకులపై సుంకములు వచ్చెను. 1768లో బోస్టనులో సైన్యము దిగెను.

దూరదూరముగా నున్న పల్లెలు ఒక్క మాటపై నిలుచుటెట్లు? 1772లో ఆడమ్స్ ఉత్తరప్రత్యుత్తరముల సంఘమును ఏర్పరచెను. కొద్ది నెలలలోనే 100కు పైగా ఊళ్లు జవాబు వ్రాసెను. గుఱ్ఱముపై పోయిన ఆ జాబులే జాతిని కుట్టిన దారము.

1773లో ఈస్టిండియా కంపెనీని ఆదుకొనుటకు తేయాకు చట్టము వచ్చెను. 1766లో మన ఉత్తర సర్కారులకై నిజాముతో ఒడంబడిక చేసికొన్న కంపెనీ అదియే. చట్టము వలన తేయాకు చౌక యయ్యెను. సుంకము మాత్రము నిలిచెను. చౌక సరుకుతో పాటు పన్ను హక్కును కూడ మ్రింగింప జూచుచున్నారని జనులు గ్రహించిరి. డిసెంబరు 16 రాత్రి 342 పెట్టెల తేయాకు బోస్టన్ రేవునీటి పాలయ్యెను. ఆడమ్స్ ఆ చర్యను బాహాటముగా సమర్థించెను. శిక్షగా 1774లో రేవును మూసివేసిరి.

ఆ యేడు ఫిలడెల్ఫియాలో వలసల మహాసభ కూడెను. ప్రతినిధిగా పోవుటకు ఆడమ్సుకు తగిన దుస్తులైనను లేవు. మిత్రులే కొత్త దుస్తులు కుట్టించి పంపిరి. 1775 ఏప్రిలులో యుద్ధము మొదలయ్యెను. జూనులో సేనాధిపతి గేజ్, ఆయుధములు విడిచిన వారికెల్ల క్షమాభిక్ష ప్రకటించి, ఆడమ్సును, హాంకాకును మాత్రము మినహాయించెను. 1776లో ఆడమ్స్ స్వాతంత్ర్య ప్రకటనపై సంతకము చేసెను.

పిమ్మట మాసచూసెట్స్ రైతులు 1786లో పన్నులకు, అప్పులకు తాళలేక తిరుగబడిరి. ఒకప్పుడు పేదల గడపలో మెత్తబడినవాడు ఈసారి కఠినముగా శిక్షింపుమనెను. తామెన్నుకొన్న ప్రభుత్వమును ఓటుతో మార్చవలెను గాని తుపాకితో గాదని ఆయన మతము. ఇది న్యాయమా, నిర్దయయా అని చదువరులే తూచుకొందురు గాక.

ఆయన గవర్నరై, 1797లో విరమించి, 1803లో కన్నుమూసెను. సమ్మతియే ఆయనకు కొలబద్ద. సొంతగడ్డకు దూరమున, జాబులతో బంధుత్వములు నిలుపుకొన్న మన కుటుంబములకు, ఊరూరను కలిపిన ఆ ఉత్తరముల శక్తిని వేరుగా చెప్పనక్కరలేదు. ఈ ఉగాదినాడు మన పిల్లలకు ఆ కథయు చెప్పుదము.