డంకన్ స్లాసుగారు

కూలిన యింటిని మరల నిలుపుట క్రొత్తయింటిని కట్టుటకంటె కష్టము. అట్టి కార్యమునకు పూనుకొనిన విద్వాంసులు డంకన్ జేమ్స్ స్లాసుగారు.

ఈయన ఆంగ్ల సాహిత్యమున పండితులు. విలియం బ్లేక్ అను కవి రచించిన దుర్బోధములగు కావ్యములను వేరొక పండితునితో కలిసి పరిష్కరించి 1926లో ప్రకటించిరి. మన తెలుగువారనేకులు బ్రతుకుతెరువునకై వలసపోయిన రంగూను నగరమున యూనివర్సిటీ కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండిరి. 1937లో హాంకాంగు విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరైరి. బ్రిటిషువారి యేలుబడిలో ఆ విద్యాపీఠము 1912లో తెరువబడినది.

1941 డిసెంబరు 8న జపాను సేనలు హాంకాంగుపై దాడిచేసెను. క్రిస్మసునాడే నగరము లొంగిపోయెను, విశ్వవిద్యాలయము మూతపడెను. అయినను 1942 జనవరి మొదట, తాము చెరకు పోకముందే, స్లాసుగారును ఆచార్యులును సమావేశమై, వైద్యవిద్య ముగింపునకు వచ్చిన విద్యార్థులకు పట్టముల నొసగిరి. ఆ పిమ్మట స్లాసుగారు స్టాన్లీ నిర్బంధ శిబిరమున మూడున్నర యేండ్లకు పైగా ఆకలిబాధ ననుభవించిరి. విద్యార్థులలో పలువురు సరిహద్దు దాటి చైనాదేశపు కళాశాలలలో చేరిరి. వారి కట్లు చోటు దొరకుటకు, చెర తప్పించుకొనిపోయిన ఆచార్య గోర్డన్ కింగుగారు తోడ్పడిరి.

1945 ఆగస్టులో యుద్ధము ముగిసెను. స్లాసుగారు చెర వీడి చూడగా, దోపిడికాండ్రు భవనములను గుల్లచేసియుండిరి. మహాసభామందిరమునకు పైకప్పే లేదు. గ్రంథాలయమందలి పుస్తకములు మాత్రము చాలవరకు మిగిలెను. ధనమా, యుద్ధమునకు పూర్వమే చాలకుండెను. ఇంత చిన్న సీమకు విశ్వవిద్యాలయ మవసరమా, దాని వ్యయభారము నెవరు వహింతురు అను ప్రశ్నలు లండనులో పుట్టెను. వలసరాజ్యముల మంత్రికి విద్యావిషయములలో సలహాదారగు క్రిస్టఫర్ కాక్సుగారి అధ్యక్షతను ఒక సంఘము దీనిని విచారించెను. విద్యాలయమును పునరుద్ధరింపవలెనని స్లాసుగారు పట్టుదలతో వాదించిరి.

తుది నిర్ణయ మింకను తేలకున్నను, 1946 అక్టోబరులో ఉన్న గదులలోనే, ఉన్న ఉపాధ్యాయులతోనే కొన్ని తరగతులు మొదలాయెను. 1948లో ప్రభుత్వముల ధనసహాయముతో విశ్వవిద్యాలయము స్థిరపడెను. మరుసటి సంవత్సరమే స్లాసుగారు ఆ బాధ్యతను శరీరశాస్త్రాచార్యులగు లిండ్సే రైడుగారి కప్పగించి విశ్రాంతి గైకొనిరి. నేడు ఆ విద్యాపీఠము ఆసియాఖండమునందలి ప్రముఖ విశ్వవిద్యాలయములలో నొకటి.

విద్యార్థులారా! పైకప్పు లేకున్నను పాఠము చెప్పవచ్చును. బోధించువారును నేర్చుకొనువారును లేనిచో, ఎంతటి మేడయు పాఠశాల కానేరదు. సర్వము సమకూరిన పిదప ఆరంభింతమని వేచియుండువారు ఈ మహాశయుని చరిత్రమును తలంచుకొందురుగాక.