కాలమును కొలిచిన జగ్గారావు

వంశధార సముద్రమున కలియు చోట కళింగపట్నమను ప్రాచీనమైన రేవు కలదు. అచ్చట సూర్యుడు నడినెత్తికి వచ్చిన మూడు నిమిషములకు గాని విశాఖపట్నమున మధ్యాహ్నము కాదు. మరి పండ్రెండు నిమిషములకు గాని మదరాసున మధ్యాహ్నము కాదు. భూమి పడమటి నుండి తూర్పునకు తిరుగుటయే ఇందుకు కారణము. పూర్వము ఏ యూరి వేళ ఆ యూరిదే. ఇట్టి దగ్గరి వేళలను వేరుపరచి తెలిసికొనుట నావికులకు ప్రాణావసరము. గడియారము ఒక్క నిమిషము తప్పినచో, మన తీరమున కెదుట ఓడ యున్న చోటు లెక్కలో సుమారు 26 కిలోమీటర్లు తప్పును.

కాలమును సరిగా కొలుచుటకై తన విద్యను, ధనమును వెచ్చించిన మహనీయుడు గోడే వేంకట జగ్గారావు. ఈయన విశాఖపట్నమునకు చెందిన సంపన్నమైన జమీందారీ కుటుంబమున 1817లో జన్మించెను. యౌవనమున మదరాసునకేగి, అచ్చటి ప్రభుత్వ వేధశాల యధిపతి యగు టేలర్ వద్ద గణితమును, ఖగోళ శాస్త్రమును అభ్యసించెను. 1840లో విశాఖయందలి డాబాగార్డెన్సులో స్వంత వ్యయముతో వేధశాలను నెలకొల్పెను. నక్షత్రము ఉత్తర దక్షిణ రేఖను దాటు క్షణమును యంత్రముతో గుర్తించి, దానిని బట్టి గడియారమును సరిదిద్దుట ఆనాటి పద్ధతి. జగ్గారావు డాల్ఫిన్ నోస్ కొండపై ధ్వజస్తంభమును నిలిపి, నియమిత వేళకు జెండాతో కాలమును తెలియజేయు ఏర్పాటు గావించెను. దానిని చూచి నావికులు తమ గడియారములను సరిచేసికొనెడివారు.

నలువది యేండ్లు నిండకమునుపే, 1856లో, ఆయన స్వర్గస్థుడయ్యెను. అల్లుడగు అంకితం వేంకట నరసింగరావు ఆ కార్యమును విడువక సాగించి, 1874లో శుక్రుడు సూర్యబింబమును దాటుటను పరిశీలించెను.

1906లో కాకినాడకు సమీపముగా పోవు 82½ డిగ్రీల రేఖ ననుసరించి భారత ప్రామాణిక కాలము ఏర్పడెను. కలకత్తా, బొంబాయి నగరములు మాత్రము ఆ పిమ్మటను పెక్కేండ్లు తమ వేళనే పాటించినవి.

వేళలను వేరుపరచు పనిని నేడు కంప్యూటరు చేయుచున్నది. భారత కాలము, శ్రీలంక కాలము రెండును గ్రీనిచ్ కాలమునకు 5 గంటల 30 నిమిషములు ముందున్నవి. అంకెను మాత్రమే చూచినచో ఏది ఏ దేశముదో తెలియదు. కాని శ్రీలంక 1996లో తన గడియారమును ముందునకు జరిపి, 2006లో మరల వెనుకటి వేళకు వచ్చెను. అందుచేత కంప్యూటరు ఒక్కొక్క కాలమండలమునకు కోల్‌కతా, కొలంబో అను నగరముల పేర్లుంచి, అచ్చట జరిగిన మార్పులను తేదీలతో పట్టికగా భద్రపరచుకొనును. ఆ పట్టికను బట్టియే ఒకే అంకె గల రెండు కాలములను వేరుపరచును.

వేళ యెంతయో తెలిసిన చాలదు. అది ఏ చోటి వేళయో, ఏనాటి వేళయో తెలియవలెను. ఈ సత్యమునకై మన తీరమున కృషిచేసిన జగ్గారావు చిరస్మరణీయుడు.