కావేరికీ గోదావరికీ కావలసినవాడు: సర్ ఆర్థర్ కాటన్

మే 15 సర్ ఆర్థర్ కాటన్ పుట్టిన రోజు. ఆంధ్రలో గోదావరి వాళ్ళకు ఆయన్ని పరిచయం చేయనక్కర్లేదు. తమిళనాట చదువుకుంటున్న మీకు మాత్రం ఒక సంగతి తెలియాలి. ఆయన ముందు పని నేర్చుకున్నది మన కావేరి దగ్గరే.

1803లో ఇంగ్లండులో పుట్టిన కాటన్, 1821లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఇంజనీరుగా మద్రాసు వచ్చారు. తిరుచ్చి పక్కన ముక్కొంబు మీలో చాలామంది చూసే ఉంటారు. అక్కడ కావేరి నుంచి కొల్లిడం విడిపోతుంది. కొల్లిడం పల్లంగా ఉండటంతో నీళ్ళన్నీ అటే జారిపోయేవి. కావేరి పాయ ఇసుక మేట వేసి, తంజావూరు పొలాలకు నీరు చాలేది కాదు. 1836లో కాటన్ కొల్లిడానికి అడ్డంగా ఆనకట్ట కట్టించారు. ఇసుక మీద కట్టడం నిలుస్తుందా అంటే, చోళుల నాటి కల్లణై కళ్ళెదురుగానే ఉంది కదా! ఆ పాత పనివాళ్ళ ఉపాయాన్నే ఆయన శ్రద్ధగా చదువుకున్నారు.

ఇక గోదావరి. 1833 ప్రాంతంలో వచ్చిన కరువు ఘోరమైనది. నిండు నది ఊరి పక్కనుంచే సముద్రంలోకి పోతుంటే, గట్టు మీద మనుషులు తిండిలేక చచ్చిపోయారు. 1821 తర్వాత ఇరవై ఏళ్ళలో రాజమండ్రి జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది. కాటన్ నది వెంట తిరిగి, కొలతలు వేసి, ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టాలని ప్రభుత్వానికి రాశారు. 1847లో పని మొదలైంది. వేలాది కూలీలు రాళ్ళు మోశారు. వీణం వీరన్న గారు పక్కనే ఉండి పని నడిపించారు. మధ్యలో జబ్బు చేసి కాటన్ కొంతకాలం దూరమైనా పని ఆగలేదు, 1852కి ముగిసింది. కాలువల్లో నీళ్ళతోపాటు పడవలూ నడిచాయి. కంపెనీ ఇదంతా దయతో చేసిందనుకోకండి. పొలం పండితే శిస్తు పెరుగుతుందన్న లెక్క కూడా ఉంది.

తర్వాత కాటన్ పెద్దవాళ్ళతో తగువు పెట్టుకున్నారు. రైళ్ళకు పోసే డబ్బు కాలువలకు పెట్టండి, రైలు ఉన్న ధాన్యాన్ని మోస్తుందే తప్ప పండించదు అన్నది ఆయన వాదం. చాలామంది ఛాందసం అనుకున్నారు. 1876-78 కరువులో మద్రాసు రాష్ట్రంలో లక్షల మంది చనిపోయారు. కాలువలున్న డెల్టాల్లో మాత్రం పంట చేతికొచ్చింది. 1878లో ఇంగ్లండు పార్లమెంటు కమిటీ ముందు కూడా ఆయన అదే మాట మీద నిలబడ్డారు. 1899లో, 96 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

సెలవుల్లో రాజమండ్రి వైపు వెళితే ధవళేశ్వరంలో దిగండి. ఆయన పేరుతో మ్యూజియం ఉంది, ఇప్పటి బ్యారేజీకీ ఆయన పేరే.