మాయాలోక శిల్పి – కె.వి. రెడ్డి

రాయలసీమ మనకందించిన చలనచిత్ర దర్శకులలో అగ్రగణ్యులు కదిరి వెంకటరెడ్డి. వీరు 1912 జూలై 1న అనంతపురం జిల్లా తాడిపత్రిలో జన్మించారు. వాహినీ సంస్థలో నిర్మాణ నిర్వాహకులుగా పనిచేసి, 1943లో ‘భక్త పోతన’తో దర్శకులయ్యారు.

కంప్యూటర్ల సాయం లేని ఆ రోజుల్లో, ‘పాతాళభైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957) చిత్రాలలో అద్భుతలోకాలను కళ్ళకు కట్టించారు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే నైపుణ్యం వారికి తోడ్పడింది. మూత తెరవగానే శశిరేఖకు అభిమన్యుని చూపిన ‘ప్రియదర్శిని’ పేటిక నేటి సెల్‌ఫోన్‌ను తలపిస్తుంది. అయితే మనల్ని అలరించేది ఆ యంత్రం కాదు, ఎడబాటులోని ఆమె తపన.

1968 నాటి ‘ఉమా చండీ గౌరీ శంకరుల కథ’ ఆదరణ పొందలేదు. అయినా వారు 1971లో ‘శ్రీకృష్ణసత్య’ను రూపొందించారు. అదే వారి చివరి చిత్రం. 1972 సెప్టెంబర్ 15న కీర్తిశేషులయ్యారు. మాయ క్షణికం, దానిలో నిక్షిప్తమైన మానవహృదయం చిరస్థాయి.