నవ్వు కనిపించని ముఖం: డాక్టర్ మోబియస్ జీవితం

మిర్యాలగూడలో ఇంటర్ చదివేటప్పుడు లెక్కల సారు కాగితం పట్టీని మెలిపెట్టి అతికించి, ఇది మోబియస్ పట్టీ అని చూపారు. ఆ పేరు మళ్ళీ విన్నది మా అక్క కొడుకు వల్ల.

అక్కను కోదాడ దగ్గర పల్లెకిచ్చాం. బిడ్డ పుట్టి ఏడాదైనా నవ్వలేదు. నిద్రలోనూ రెప్పలు పూర్తిగా మూతపడవు. కడుపుతో ఉండి గ్రహణం నాడు బయట తిరిగిందని అందరూ అక్కనే అన్నారు. చివరకు సూర్యాపేటలో ఒక డాక్టరుగారు ఇది మోబియస్ సిండ్రోమ్ అన్నారు.

ఈయన ఆ లెక్కల మోబియస్‌కు మనవడు. పాల్ జూలియస్ మోబియస్ 1853లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో పుట్టాడు. మొదట మతశాస్త్రం చదివి, వైద్యానికి మళ్ళి, 1876లో పట్టా పుచ్చుకున్నాడు. నరాల వైద్యుడయ్యాడు. కన్నును పక్కకు తిప్పే ఆరవ కపాలనాడి, ముఖాన్ని కదిలించే ఏడవ నాడి పుట్టుకతోనే పనిచేయని స్థితిని 1888లో వివరించాడు. ప్రొఫెసర్ పదవి దక్కక 1893లో విశ్వవిద్యాలయం వదిలాడు. 1907లో, 53 ఏళ్ళకు కన్నుమూశాడు.

అంతటివాడూ 1900లో ఆడవాళ్ళకు సహజంగానే తెలివి తక్కువని పుస్తకం రాశాడు! మా ఊరివాళ్ళూ అంతే కదా, తప్పు తల్లిమీదికే తోశారు. ఈ లోపం గర్భంలో మెదడుకాండం, నాడుల ఎదుగుదలలో వచ్చేది, గ్రహణంతో పనిలేదు. ఇలాంటి పిల్లల్లో చాలామందికి తెలివి మామూలుగానే ఉంటుంది.

మావాడికి పెదవులు కలవవు, మామా అనడం రాదు. నేను సెలవులకు పోతే గొంతుతో నవ్వుతాడు. అది నవ్వేనని ఇప్పుడు ఇంట్లో అందరికీ తెలుసు.